బోనెక్కిన సత్యం: బైబిలు దృష్టిలో నిజమంటే

గుంటూరు, విజయవాడల్లో ఆదివారం ఆరాధనకు వెళ్లే అలవాటున్నవారికి సాక్ష్యాల సమయం బాగా తెలుసు. పాటలు అయిపోతాయి. వాక్యం మొదలయ్యే ముందు పాస్టరుగారు "సాక్ష్యం చెప్పేవారు ఎవరైనా ఉన్నారా?" అని అడుగుతారు. వెనక వరుసలోంచి ఒకామె లేచి, కొంగు తలమీదికి లాక్కుని, మైకు అందుకుంటుంది. "ప్రభువు నామంలో అందరికీ వందనాలు" అని మొదలుపెట్టి, కొడుకు తాగుడు మానేసిన సంగతో, కడుపులో గడ్డ కరిగిపోయిన సంగతో, తప్పిపోయిందనుకున్న పెళ్లి మళ్లీ కుదిరిన సంగతో చెబుతుంది. సభ "స్తోత్రం" అంటుంది. ఆమె చెప్పింది నిజమా అని లోపల ఎవరూ అడగరు. బయటివాళ్లు అడుగుతారు, కాస్త వెటకారంగానే. అయితే బైబిలును దగ్గర పెట్టుకుని ఆలోచిస్తే, ఆ ప్రశ్న అందరికంటే ముందు అడగవలసింది ఆ సభే.

ఎందుకంటే "నిజమా?" అన్న ఒక్క మాటలో చాలా ప్రశ్నలు ముడిపడి ఉన్నాయి. ఆమె చెప్పిన సంఘటన జరిగిందా? జరిగితే, దానికి ఆమె చెబుతున్న కారణం సరైనదేనా? ఆమె మాట నమ్మదగిన మనిషేనా? ఆ మాటకూ ఆమె బతుకుకూ పొంతన ఉందా? బైబిలు నిజమా కాదా అని వాదించుకునేవాళ్లు ఈ ప్రశ్నలన్నిటినీ ఒకే మూటగా కట్టేస్తారు. ఒకరు చరిత్ర గురించి అడుగుతుంటే ఇంకొకరు భక్తి గురించి జవాబు చెబుతారు. వాదన తెల్లవార్లూ సాగుతుంది గాని ఎక్కడికీ చేరదు. ముడి విప్పడానికి ఒక కొస ఉందని నా నమ్మకం. క్రైస్తవ లేఖనాల్లో సత్యం సిద్ధాంతంగా కంటే ముందు సాక్ష్యంగా వస్తుంది. సాక్ష్యం అన్నాక అడ్డప్రశ్నలు తప్పవు, సాక్షి నడవడి మీద విచారణ కూడా తప్పదు.

పిలాతు అడిగిన ప్రశ్న

యోహాను సువార్త పొడుగునా ఒక విచారణ నడుస్తూ ఉంటుంది. బాప్తిస్మమిచ్చే యోహాను ఒక సాక్షి. యేసు చేసిన పనులు సాక్షులు. లేఖనాలు సాక్షులు. చివరికి ఆ విచారణ నిజమైన న్యాయస్థానానికే చేరుతుంది. క్రీ.శ. 26 నుంచి 36 వరకు యూదయను ఏలిన రోమా అధికారి పొంతి పిలాతు ముందు యేసు నిలబడి, సత్యానికి సాక్ష్యమివ్వడానికే తాను పుట్టానని చెబుతాడు. "సత్యమనగా ఏమిటి?" అని పిలాతు అడిగి, జవాబు కోసం ఆగకుండా బయటికి నడుస్తాడు. మాంచెస్టరులోని ఒక గ్రంథాలయంలో అరచేతిలో ఇమిడిపోయేంత పాపిరస్ ముక్క ఒకటి ఉంది. ఈజిప్టులో దొరికిన ఆ ముక్కను చాలామంది పండితులు రెండో శతాబ్దానిదిగా ఎంచుతారు. కొత్త నిబంధన ప్రతుల్లో మనకు మిగిలినవాటిలో అతి పాతదిగా దానికి పేరు. దానిమీద ఉన్నవి సరిగ్గా ఈ సంభాషణలోని తునకలే.

పిలాతు ప్రశ్నను వేదాంత ప్రశ్నగా చదివేవాళ్లు ఎక్కువ. ఆ తర్వాత ఏం జరిగిందో చూస్తే నాకు అలా అనిపించదు. బయటికి వెళ్లగానే అతడు జనంతో చెప్పిన మాట, ఈయనలో నాకు ఏ దోషమూ కనబడలేదని. అంటే ఆ కేసులో నిజమేమిటో అతడికి తెలిసిపోయింది. తెలిసీ కొరడాలతో కొట్టించాడు, తెలిసీ సిలువకు అప్పగించాడు. అతడికి తక్కువైంది నిర్వచనం కాదు. తెలిసిన నిజం పక్షాన నిలబడితే పదవి ఉంటుందో పోతుందో అన్న భయం అతడిని నడిపింది. యోహాను ఈ ఘట్టాన్ని ఇంత వివరంగా రాయడంలోనే సత్యం పట్ల క్రైస్తవ దృష్టి సగం ఉంది.

మిగతా సగానికి పాత నిబంధనకు వెళ్లాలి. పది ఆజ్ఞల్లో "అబద్ధమాడకూడదు" అని విడిగా ఒక ఆజ్ఞ ఉందని చాలామంది అనుకుంటారు. అక్కడున్నది "నీ పొరుగువానిమీద అబద్ధసాక్ష్యము పలుకకూడదు" అని. ఆజ్ఞ పుట్టింది ఊరి పెద్దలు తీర్పు తీర్చే చోట, ఒకడి మాటతో ఇంకొకడి పొలమో ప్రాణమో పోయే చోట. ద్వితీయోపదేశకాండం దీనికి కట్టుదిట్టాలు కూడా చెప్పింది. ఒక్క సాక్షి మాటమీద ఎవరినీ దోషిగా తేల్చకూడదు. ఇద్దరో ముగ్గురో ఉండాలి. సాక్షి అబద్ధమాడాడని తేలితే, అవతలివాడికి ఏ శిక్ష పడాలని కోరుకున్నాడో అదే శిక్ష వాడికి పడుతుంది. ఇన్ని కట్టుబాట్లున్నా మోసం ఆగలేదని చెప్పడానికి నాబోతు కథ ఉంది. రాజు ఆహాబు కన్ను ఒక రైతు ద్రాక్షతోట మీద పడింది. రైతు అమ్మనన్నాడు. రాణి యెజెబెలు ఇద్దరు సాక్షులను పోగుచేసింది. చట్టం అడిగిన లెక్క సరిపోయింది, రైతును రాళ్లతో కొట్టి చంపారు, తోట రాజుదైంది. కృష్ణా, గుంటూరు జిల్లాల్లో పొలం తగాదాలు చూసినవారికి ఈ కథకు వ్యాఖ్యానం అక్కర్లేదు.

ప్రమాణం గురించి కూడా ఇక్కడే ఒక మాట. సినిమాల్లో సాక్షి చేతికి పవిత్ర గ్రంథం ఇస్తారు గాని, మన 1969 నాటి ప్రమాణాల చట్టానికి గ్రంథంతో పనిలేదు. దేవుని పేరిట ప్రమాణం చేయవచ్చు, దేవుని పేరెత్తకుండా నిష్ఠగా ధ్రువీకరించనూవచ్చు. కొండమీద ప్రసంగంలో యేసు ఇంకా ముందుకు వెళ్లి అసలు ఒట్టే పెట్టుకోవద్దన్నాడు. అవునంటే అవును, కాదంటే కాదు, అంతే. ఒట్టు వేసినప్పుడు మాత్రమే నిజం చెప్పే మనిషికి మిగతా వేళల్లో అబద్ధానికి అనుమతి ఉన్నట్టే కదా. ఈ మాటను అక్షరాలా పాటించిన క్వేకర్లు అనే క్రైస్తవ శాఖవారు ఇంగ్లండులో ప్రమాణం చేయనందుకు జైళ్లకు వెళ్లారు. కోర్టుల్లో ప్రమాణానికి బదులు ధ్రువీకరణ అన్న వెసులుబాటు రావడంలో వారి పట్టుదల పాత్ర పెద్దది.

జరిగిందా, లేదా?

క్రైస్తవ విశ్వాసంలో ఒక భాగం పూర్తిగా చరిత్రతో ముడిపడి ఉంది. అక్కడ "నా అనుభవంలో నిజం" అని తప్పించుకోవడానికి వీల్లేదు. ఆ దారి మూసేసింది పౌలే. క్రీస్తు లేవకపోతే మా ప్రకటన వ్యర్థం, మీ విశ్వాసమూ వ్యర్థమే, పైగా మేము దేవుని గురించి అబద్ధసాక్షులం అవుతామని కొరింథు సంఘానికి తెగేసి రాశాడు. ఆ ఉత్తరం క్రీ.శ. 55 ప్రాంతానిది. అంటే సిలువ తర్వాత పాతికేళ్ల లోపుది. అందులో ఆయన సాక్షుల జాబితా ఇస్తాడు. కేఫా (అంటే పేతురు), పన్నెండుమంది శిష్యులు, ఒకేసారి చూసిన ఐదువందలకు పైగా సహోదరులు, యాకోబు, చివరికి తాను. ఆ ఐదువందల్లో చాలామంది ఇంకా బతికే ఉన్నారని కూడా కలుపుతాడు. కావాలంటే వెళ్లి అడగండి అన్న ధ్వని ఆ మాటలో ఉంది.

ఈ జాబితాలో ఒక లోటు ఉంది. నాలుగు సువార్తలూ ఖాళీ సమాధిని మొదట చూసింది స్త్రీలని చెబుతున్నాయి. మగ్దలేనే మరియ పేరు నాలుగింటిలోనూ ఉంది. పౌలు జాబితాలో మాత్రం ఆమె లేదు. ఆనాటి సమాజం స్త్రీ సాక్ష్యాన్ని తేలికగా చూసేది. ఆ స్త్రీలు వచ్చి చెప్పినప్పుడు శిష్యులకే అవి వెర్రిమాటలుగా తోచాయని లూకా దాచకుండా రాశాడు. రెండో శతాబ్దంలో క్రైస్తవాన్ని దుయ్యబట్టిన సెల్సస్, ఒక ఉన్మాద స్త్రీ మాట పట్టుకుని ఇంత మతం కట్టారా అని ఎద్దేవా చేశాడు. కథ అల్లేవాడైతే నమ్మకం కలిగించే సాక్షులను ఎంచుకునేవాడు. సువార్తికులు ఆ స్త్రీలను తొలగించలేదు. ఇది పునరుత్థానానికి రుజువని నేననను. రాసినవాళ్లు తమకు ఇబ్బంది కలిగించే సాక్షిని సైతం బోనులోంచి దింపలేదని మాత్రం అంటాను. వెనక వరుసలోంచి లేచి మైకు పట్టుకునే మన ఆడవాళ్ల సాక్ష్యాన్ని తేలిగ్గా తీసిపారేసే పాస్టర్లు ఈ భాగాన్ని మళ్లీ ఒకసారి చదవాలి.

మరి సాక్షుల మాటలు ఒకదానితో ఒకటి కలుస్తాయా? కలవని చోట్లున్నాయి. సమాధి దగ్గర మత్తయిలో ఒక దూత, మార్కులో ఒక యువకుడు, లూకాలో ఇద్దరు మనుషులు, యోహానులో ఇద్దరు దూతలు. దేవాలయంలో వ్యాపారులను తరిమిన ఘట్టం యోహానులో మొదట్లోనే వస్తుంది, మిగతా ముగ్గురిలో చివరి వారంలో వస్తుంది. యూదా ఇస్కరియోతు ఉరిపెట్టుకున్నాడని మత్తయి అంటే, తలక్రిందులుగా పడి నడిమికి బద్దలయ్యాడని అపొస్తలుల కార్యములు చెబుతుంది. వీటన్నిటికీ సర్దుబాటు చూపించే పుస్తకాలు బోలెడున్నాయి. కొన్ని సర్దుబాట్లు నప్పుతాయి, కొన్ని లాగిపీకినట్టు ఉంటాయి.

నాకు ఎక్కువ విలువైనదిగా తోచేది సంఘం ఈ తేడాలతో ఏం చేసిందన్నది. క్రీ.శ. 170 ప్రాంతంలో తాతియాను అనే సిరియా దేశస్థుడు నాలుగు సువార్తలనూ కలిపి ఒకే వరుస కథనంగా కూర్చాడు. తేడాలు మాయమయ్యాయి, చదవడానికి హాయిగా ఉంది. సిరియా సంఘాలు దాన్ని తరాల తరబడి ఆరాధనలో చదువుకున్నాయి. అయినా ఐదో శతాబ్దంలో థియొదొరేతు అనే బిషప్పు తన ప్రాంతంలో ఆ కూర్పు ప్రతులు రెండువందలకు పైగా తీసివేయించి, వాటి స్థానంలో విడివిడి సువార్తలు నాలుగూ పెట్టించాడు. నున్నగా ఉన్న ఒక్క కథకంటే, అంచులు కలవని నాలుగు సాక్ష్యాలే మేలని సంఘం తేల్చుకుంది. బైబిల్లో ఒక్క పొల్లు కూడా తేడా లేదని ఊదరగొట్టే ప్రసంగం వింటున్నప్పుడల్లా నాకు ఈ సంగతి గుర్తొస్తుంది. మన పూర్వులకు ఆ తేడాలు తెలుసు. తెలిసే ఉంచుకున్నారు.

జరగకపోయినా నిజమైనవీ బైబిల్లో ఉన్నాయి. దావీదు రాజు ఊరియా భార్యను చేర్చుకుని, ఊరియాను యుద్ధంలో చంపించాడు. ప్రవక్త నాతాను వచ్చి ఒక కథ చెప్పాడు. బీదవాడొకడు ఒకే ఒక గొర్రెపిల్లను కూతురిలా పెంచుకున్నాడు. మందలకు మందలున్న ధనికుడు తన ఇంటికి వచ్చిన అతిథి కోసం దాన్ని లాక్కుని కోయించాడు. రాజు మండిపడి, ఆ పని చేసినవాడు చావాల్సిందే అన్నాడు. "ఆ మనుష్యుడవు నీవే" అన్నాడు నాతాను. ఆ ధనికుడు లేడు, ఆ గొర్రెపిల్లా లేదు. రాజభవనంలో ఆ రోజు పలికిన మాటల్లో అంతకంటే నిజమైనదీ లేదు. తప్పిపోయిన కుమారుడి కథా ఇటువంటిదే. ఆ తండ్రిది ఏ ఊరని ఎవరూ వెతకరు. కాబట్టి బైబిల్లోని ఏ భాగమైనా నిజమా అని అడిగే ముందు, అది చరిత్రా, ఉపమానమా, కీర్తనా, దర్శనమా అన్నది తేల్చుకోవాలి.

సృష్టి కథ దగ్గరా, యెహోషువ సూర్యుణ్ణి ఆపిన కథ దగ్గరా ఈ పని చేయనందుకు జరిగిన నష్టం అందరికీ తెలుసు. లేఖనం పరలోకానికి ఎలా వెళ్లాలో నేర్పుతుంది గాని ఆకాశం ఎలా తిరుగుతుందో కాదని గెలీలియో 1615లోనే ఒక కార్డినల్ మాటగా రాశాడు. భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతుందన్నందుకు 1633లో ఆయనకు శిక్ష పడింది, 1992లో పోపు రెండో జాన్ పాల్ ఆ తప్పు ఒప్పుకున్నారు. ఈ రోజు కతోలిక సభ 1965 నాటి రెండో వాటికన్ మహాసభ ప్రకారం, మన రక్షణ కోసం దేవుడు రాయించిన సత్యాన్ని లేఖనాలు తప్పులేకుండా బోధిస్తాయని అంటుంది. అమెరికాలో ఇవాంజెలికల్ పండితులు 1978లో షికాగోలో చేసిన ప్రకటన, చరిత్ర, విజ్ఞాన విషయాల్లో కూడా లేఖనంలో తప్పు లేదని అంటుంది. మన ప్రాంతంలో పెంతెకొస్తు, స్వతంత్ర సంఘాలు చాలావరకు ఈ రెండో దారిలో ఉన్నాయి. ఒకే వీధిలో రెండు సంఘాలు ఒకే వచనాన్ని వేర్వేరుగా చదవడానికి ఇదొక పెద్ద కారణం.

హరిశ్చంద్రుడూ, యెఫ్తా

"నేనే మార్గమును, సత్యమును, జీవమును" అన్న యేసు మాట మన ఆటోల వెనకా, గోడల మీదా కనిపిస్తూనే ఉంటుంది. అలవాటైపోయి దాని వింతదనం తగ్గింది గాని, ఇది సామాన్యమైన మాట కాదు. సత్యం చెబుతానని ఎవరైనా అనవచ్చు. నేనే సత్యాన్నని అనడం వేరు. ఈ మాట వల్ల క్రైస్తవుడి దృష్టిలో సత్యం ఒక వ్యక్తి అవుతుంది. ఆ వ్యక్తిని నమ్మడం, ఆయన వెంట నడవడం సత్యాన్ని తెలుసుకునే పద్ధతి అవుతుంది.

తెలుగువాడికి సత్యం అనగానే మనసులో మెదిలేది హరిశ్చంద్రుడు. ఆయన సత్యం విషయాల జాబితా కాదు, ఇచ్చిన మాట. రాజ్యం పోయినా, ఆలిని అమ్ముకున్నా, కాటికాపరి అయినా మాట తప్పలేదు. పాత నిబంధన ఈ భావానికి చాలా దగ్గరగా నిలుస్తుంది. ప్రమాణం చేసి నష్టం వచ్చినా మాట తప్పనివాడే దేవుని గుడారంలో ఉండదగినవాడని పదిహేనో కీర్తన. దేవుడు సత్యవంతుడంటే ముందుగా వచ్చే అర్థం, చేసిన నిబంధన నిలబెట్టుకునేవాడని.

అయితే బైబిలు ఇక్కడ ఒక మలుపు తిప్పుతుంది. యెఫ్తా అనే యోధుడు యుద్ధంలో గెలిస్తే తన ఇంటి ద్వారంలోంచి ఎదురొచ్చిన దాన్ని దహనబలిగా ఇస్తానని మొక్కుకున్నాడు. ఎదురొచ్చింది ఒక్కగానొక్క కూతురు. అతడు మాట నిలబెట్టుకున్నాడు. ఆ కథ చదివి ఎవరి మనసూ పొంగదు, రాసినవాడు పొగడనూ లేదు. హేరోదు కూడా నిండు విందులో ఒట్టు పెట్టి, ఆ ఒట్టు కోసం బాప్తిస్మమిచ్చే యోహాను తల నరికించాడు. మాట నిలబెట్టుకోవడం కోసం ఇంకొకరి ప్రాణం తీస్తే అది సత్యం కాదు. హరిశ్చంద్రుడి కత్తి చివరి క్షణంలో ఆగినట్టు యెఫ్తా కత్తి ఆగలేదు. మన కథలో దైవం వచ్చి సత్యవ్రతుణ్ణి కాపాడుతుంది. బైబిలు కథలో, మాట తప్పిన మనుషుల కోసం మాట తప్పని దేవుడే నష్టం భరిస్తాడు. సిలువకు క్రైస్తవులు చెప్పుకునే అర్థం అదే.

ఒక వ్యక్తే సత్యమైతే, మిగతా మతాలవాళ్ల దగ్గర సత్యమే లేదా? మన ఊళ్లలో ఈ ప్రశ్న ఇంట్లోనే ఉంటుంది. అన్న గుడికి, తమ్ముడు చర్చికి వెళ్లే కుటుంబాలు ఎన్నో. "నా ద్వారానే తప్ప యెవడును తండ్రియొద్దకు రాడు" అన్న యేసు మాటను క్రైస్తవులు వదులుకోలేదు. దాన్ని ఇతరులను కొట్టే కర్రగా వాడమని మాత్రం ఎవరూ చెప్పలేదు. సత్యాన్ని ఎవరు పలికినా అది పరిశుద్ధాత్మ నుంచి వచ్చిందేనన్న పాత మాటను పదమూడో శతాబ్దంలో తోమా అక్వినాసు తన వాదంలో ఆధారంగా తీసుకున్నాడు. ఇతర మతాల్లోని నిజమైనదాన్నీ పవిత్రమైనదాన్నీ తాము తిరస్కరించబోమని వాటికన్ మహాసభ 1965లో ప్రకటించింది. 1931లో స్విట్జర్లాండులో గాంధీజీ, దేవుడే సత్యం అనడం మాని సత్యమే దేవుడు అనడం మొదలుపెట్టానని చెప్పారు. నాస్తికుడికి కూడా చోటుండాలని ఆయన ఉద్దేశం. క్రైస్తవుడు ఆ వాక్యాన్ని గౌరవిస్తాడు గాని అక్కడ ఆగలేడు. సత్యం ఒక వ్యక్తి అన్నప్పుడు అది మనల్ని తిరిగి చూస్తుంది, అడుగుతుంది, క్షమిస్తుంది. సూత్రం ఆ పని చేయలేదు.

ప్రాణం కాపాడటానికి అబద్ధమాడవచ్చా అన్న ప్రశ్నకు సంఘం ఏనాడూ ఒక్క జవాబు చెప్పలేదు. ఫరో మగబిడ్డలను చంపమంటే చంపకుండా, హెబ్రీ స్త్రీలు మేము వెళ్లేలోపే కనేస్తున్నారని బొంకిన మంత్రసానులు షిఫ్రా, పూయాలకు దేవుడు మేలు చేశాడు. వేగులవాళ్లను మిద్దెమీద దాచి రాజభటులను దారి తప్పించిన రాహాబును కొత్త నిబంధన విశ్వాసవీరుల్లో చేర్చింది. అయినా తొలి శతాబ్దాల బిషప్పు అగస్టీను ఏ అబద్ధమైనా పాపమేనని గట్టిగా వాదించాడు. దేవుడు మెచ్చింది వాళ్ల కరుణను, బొంకును కాదన్నాడు. ఆయన కాలపు కాసియను అనే సన్యాసి అందుకు ఒప్పుకోలేదు. మంత్రసానుల పక్షమే నా పక్షం.

పరీక్షించమన్నది ఎవరు?

మళ్లీ సాక్ష్యాల దగ్గరికి వద్దాం. గడ్డ కరిగిందన్న ఆమె మాటను పరీక్షించడం అవిశ్వాసమా? యేసు పదిమంది కుష్ఠరోగులను బాగుచేసినప్పుడు, వెళ్లి మిమ్మల్ని యాజకులకు చూపించుకోండి అని పంపాడు. రోగం పోయిందో లేదో చూసి తేల్చే అధికారం లేవీయకాండం యాజకులకు ఇచ్చింది. స్వస్థపరిచిన ఆయనే ధ్రువీకరణకు పంపాడన్నమాట. పౌలు బోధ విన్న బెరయ ప్రజలు, ఆ సంగతులు అలా ఉన్నాయో లేదో అని రోజూ లేఖనాలు వెతికి చూశారు. అందుకు వాళ్లకు మెప్పే దక్కింది. "సమస్తమును పరీక్షించి మేలైనదానిని చేపట్టుడి" అని థెస్సలొనీక సంఘానికి ఆజ్ఞ.

ఈ ఆజ్ఞను పాటించిన తీరు ఒకటి విజయవాడవాళ్లకు దగ్గరి సంగతే. గుణదల కొండమీది మేరీమాత, ఫ్రాన్సులోని లూర్దులో 1858లో బెర్నదెత్ అనే పద్నాలుగేళ్ల పిల్లకు కనిపించిందని చెప్పే లూర్దుమాతే. గుణదలలో ఆ స్వరూపాన్ని ఇటలీ నుంచి వచ్చిన ఫాదర్ అర్లాటి 1924లో ప్రతిష్ఠించారు. ఏటా ఫిబ్రవరి 9 నుంచి 11 వరకు జరిగే ఉత్సవాలకు క్రైస్తవులతో సమానంగా హిందువులూ వస్తారు. తలనీలాలిస్తారు, కొబ్బరికాయలు కొడతారు, కొవ్వొత్తులు వెలిగిస్తారు. అక్కడ లూర్దులో 1883 నుంచి ఒక వైద్య కార్యాలయం పనిచేస్తోంది. స్వస్థత పొందామని వచ్చినవారి పాత రిపోర్టులు, కొత్త రిపోర్టులు తెప్పిస్తారు. రోగం తీవ్రమైనదేనా, హఠాత్తుగా తగ్గిందా, పూర్తిగా తగ్గిందా, ఏళ్లు గడిచినా తిరగబెట్టలేదా, వాడిన మందుల వల్ల తగ్గే వీలుందా అని చూస్తారు. ఇప్పటికి ఏడువేలకు పైగా కేసులు వాళ్ల ముందుకు వచ్చాయి. సభ అద్భుతాలుగా ప్రకటించినవి డెబ్బై చిల్లర.

ఆ పద్ధతిలో నాకు నచ్చేది పని విభజన. వైద్యులు "అద్భుతం" అన్న మాట వాడరు. నేటి వైద్యజ్ఞానానికి అందని స్వస్థత అని మాత్రం రాసి సంతకం పెడతారు. అది దేవుని పనేనని చెప్పడం ఆ రోగి ప్రాంతపు బిషప్పు వంతు. సంఘటన ఒకటి, దానికి చెప్పే అర్థం ఇంకొకటి అన్న తేడా ఆ రెండు సంతకాల మధ్య కళ్లకు కడుతుంది. ఇంత పరీక్ష జరిగాక కూడా, లూర్దు దర్శనాన్ని నమ్మితీరాలని కతోలిక సభ తన సభ్యులను బలవంతపెట్టదు. లేఖనంలోని ప్రకటన అందరికీ, దర్శనాలు నమ్మగలిగినవారికి.

ఆ వైద్య కార్యాలయం మొదలైన 1883లోనే డాక్టర్ అన్నా కుగ్లర్ లూథరన్ మిషనరీగా గుంటూరుకు వచ్చారు. ప్రార్థన చేసే చేతులతోనే మందులిచ్చారు, కాన్పులు చేశారు. ఆమె పేరు మీద ఆసుపత్రి నిలిచింది. ఆ ఊళ్లోనే స్వస్థత కూటంలో వేదికమీద సాక్ష్యం చెప్పి, ఇంటికెళ్లి షుగరు మాత్రలు మానేసేవాళ్లను చూస్తే బాధ కలుగుతుంది. వాళ్ల తప్పు చిన్నది. పరీక్షించకుండా మైకు ఇచ్చినవాళ్ల తప్పు చాలా పెద్దది. అక్కడ అబద్ధసాక్ష్యం పలకవద్దన్న ఆజ్ఞ మీరినవాళ్లు వాళ్లే.

సత్యాన్ని చేయడం

యోహాను సువార్త సత్యం చెప్పేవాడి గురించి కాక, సత్యాన్ని చేసేవాడి గురించి మాట్లాడుతుంది. వినడానికి కొత్తగా ఉన్నా, అంతియొకయలో జరిగిన ఒక భోజనం దాన్ని విడమరుస్తుంది. ఆ ఊరి సంఘంలో యూదులూ, యూదులు కానివాళ్లూ ఒకే పంక్తిలో కూర్చుని తినేవాళ్లు. పేతురు కూడా వాళ్లతోనే తిన్నాడు. యెరూషలేము నుంచి యాకోబు మనుషులు కొందరు వచ్చారు. వాళ్లేమనుకుంటారో అని జంకి పేతురు మెల్లగా పక్కకు తప్పుకున్నాడు. ఆయన్ని చూసి మిగతా యూదులూ లేచారు. బర్నబా కూడా లేచాడు. పౌలు అందరి ముందూ పేతురును నిలదీశాడు. గలతీ సంఘాలకు ఆ సంగతి రాస్తూ, సువార్త సత్యం ప్రకారం వాళ్లు సరిగా నడవడం లేదని తాను చూశానన్నాడు. పేతురు ఏ అబద్ధమూ ఆడలేదు. ఆయన విశ్వాస ప్రమాణంలో ఒక్క మాట మారలేదు. పంక్తిలోంచి లేచాడు, అంతే. సత్యానికి ద్రోహం జరిగిపోయింది.

దీన్ని మన జిల్లాల్లో చదవడం కష్టం. ఒకే ఊళ్లో మాలలకొక చర్చి, మాదిగలకొక చర్చి. అగ్రకులాల నుంచి వచ్చిన విశ్వాసులు పెళ్లి సంబంధాల దగ్గరకు వచ్చేసరికి పాత కులాన్నే వెతుక్కుంటారు. వినుకొండలో క్రైస్తవ కుటుంబంలో పుట్టిన గుర్రం జాషువా రెండు వైపుల నుంచీ వెలివేత అనుభవించాడు. ఆయన క్రీస్తు చరిత్రకు 1964లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. క్రీస్తులో భేదం లేదని ఆదివారం పాడి, సోమవారం కులం చూసి పీట వేసేవాడు పాడింది అబద్ధసాక్ష్యమే.

ఇంకో చిక్కుముడి ఉంది. దాని గురించి సంఘాల్లో గుసగుసలే గాని పైకి మాటలుండవు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డు కులాల హోదా మొదట హిందువులకే. 1956లో సిక్కులకూ, 1990లో బౌద్ధులకూ విస్తరించారు. క్రైస్తవులకు లేదు. క్రైస్తవంలోకి వచ్చిన దళితులకు మన రాష్ట్రంలో బీసీ-సీ కింద ఒక్క శాతం రిజర్వేషన్ ఉంది. అందుకే కాగితంలో హిందువుగా, ఆరాధనలో క్రైస్తవుడిగా బతికే కుటుంబాలు వీధివీధినా ఉన్నాయి. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో క్రైస్తవులు ఒకటిన్నర శాతం లోపే ఉండటానికి ఇదీ ఒక కారణమని చాలామంది అంటారు. ఆ కుటుంబాలను అబద్ధికులని తేల్చేయడం సులువు. బయటివాళ్లు ఆ మాట అంటారు, లోపలి కొందరు బోధకులూ అంటారు. నేను అనలేను. మతం మారినా ఊళ్లో అంటరానితనం మారలేదు. చెరువు గట్టునా, అద్దె ఇంటి గడప దగ్గరా ఎవరూ బాప్తిస్మం సర్టిఫికెట్ చూసి పక్కన కూర్చోబెట్టుకోలేదు. ఆ కుటుంబం కులం గురించి చెప్పింది నిజమే, మతం గురించి మాత్రమే దాచింది. ఒక నిజం చెబితే పిల్లవాడి చదువు పోయేలా రాజ్యం ధర కట్టినప్పుడు, ఆ మౌనంలో రాజ్యానికీ వాటా ఉంది. అలాగని దాపరికం ధర్మమైపోదు. పేతురును పంక్తిలోంచి లేపిన భయమే ఇక్కడా ఉంది. దాన్ని మోస్తున్నవాళ్లకే దాని బరువు బాగా తెలుసు.

ఈ ఉత్తర్వును సవాలు చేసిన పిటిషన్లు 2004 నుంచి సుప్రీంకోర్టులో ఉన్నాయి. మతంతో సంబంధం లేకుండా ఎస్సీ హోదా ఇవ్వాలని రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లో సిఫార్సు చేసింది. 2022 అక్టోబరులో కేంద్రం మాజీ ప్రధాన న్యాయమూర్తి కె.జి. బాలకృష్ణన్ అధ్యక్షతన మరో కమిషన్ వేసింది. ఆ కమిషన్ల ముందు క్రైస్తవులు చెప్పవలసిన మొదటి మాట, మా సంఘాల్లో కులం ఉంది అన్నది. హోదా కోసం చేసే వాదనకు అదే ఆధారం. దశాబ్దాలుగా ప్రసంగ వేదికల మీద లేదని చెబుతూ వచ్చిందీ అదే. మాల చర్చి, మాదిగ చర్చి ఎదురెదురుగా ఉన్న ఊళ్లలో రెండు సంఘాల పాస్టర్లూ కలిసి సంతకం పెట్టి ఆ మాట పంపించాలని నా కోరిక.